పగిలిన గోడ, కుంగిన మూల

ధ్యానింపవలసిన భాగములు: లూకా 6:46–49, యెహెజ్కేలు 13:10–15



వానలు రాకమునుపే ఇల్లు చూచుకొనుట మన పల్లెలలో అలవాటు. పెంకులు సర్దుదుము, చూరు బాగుచేయుదుము, గోడలకు సున్నము కొట్టుదుము. అయితే పునాదిని చూచువారెవరు? అది మట్టిలో దాగియున్నది. కంటికి కనబడనిదానిని గూర్చి మనకు చింత లేదు. ఈ నెల ధ్యానమునకు మా యింటి గోడనే వాక్యము ప్రక్కన నిలువబెట్టుచున్నాను. ఇది నాకు గౌరవము తెచ్చు కథ కాదు. అయినను మీలో ఎవరికైనను మేలు కలుగునేమోయని వ్రాయుచున్నాను.

మా యింటి గోడ

నేను ఈ సంఘమునకు వచ్చిన మొదటి యేడు, మేము కాపురమున్న ఇంటి వెనుక గదిలో, కిటికీ పైమూలనుండి ఏటవాలుగా ఒక సన్నని గీత కనబడెను. దారపు పోగంత యుండెను. క్రిస్మసు దగ్గరపడినది గనుక కొంచెము సిమెంటు పూయించి, పైన సున్నము వేయించితిని. గోడ క్రొత్తదానివలె నయ్యెను. మరుసటి వేసవిలో అదే చోట అదే గీత తిరిగి వచ్చెను. ఈసారి అందులో గోరు దూరెను. ఆ గది తలుపు కూడ గడపకు ఒరయసాగెను. వడ్రంగిని పిలిచి తలుపు అంచు చిత్రిక పట్టించితిని. కూటములకు వచ్చు పెద్దలు మా యింట దిగవలసియుండెను గనుక పగులును మరల పూయించితిని.

మూడవ యేట వానలు ముదిరిన తరువాత, ఒక మధ్యాహ్నము కిటికీ పైనున్న పూత పెళ్లగా ఊడి మంచముమీద పడెను. అంతవరకు ఆ మంచముమీద నిద్రించుచుండిన మా చిన్నమ్మాయి మంచినీళ్లు త్రాగుటకు అప్పుడే లేచి వెళ్లినది. దిండుమీద పడిన ఆ పెళ్లను నేను రెండు చేతులతో ఎత్తవలసివచ్చెను.

ఆ రాత్రి నాకును నా భార్యకును నిద్ర పట్టలేదు. బిడ్డను కాపాడిన దేవుని స్తుతించితిమి. కాని నా మనస్సాక్షి నన్ను ఒక మాట అడుగుచునే యుండెను: ఆ పగులు నీకు రెండేండ్లనుండి తెలియదా?

మరునాడు మన సంఘములోని వృద్ధుడైన తాపీమేస్త్రిని పిలిచితిని. ఆయన మొదట గోడను చూడలేదు. బయటికి వెళ్లి ఇంటి చుట్టు తిరిగి నేలను చూచెను. పిమ్మట లోపలికి వచ్చి చెప్పెను:

"అయ్యగారూ, గోడకేం జబ్బు లేదండీ. జబ్బు కాళ్లకాడ ఉంది. పగులు చూడండి, పైన వెడల్పుగా ఉంది, కిందకొచ్చే కొద్దీ సన్నబడింది. ఈ మూల కిందకి దిగిపోతా ఉంది."

"ఇంకొంచెం గట్టిగా పూస్తే ఆగదా, మేస్త్రిగారూ?"

"ఎన్నిసార్లు పూస్తారండీ? గోడ పూతని మోస్తది గాని, పూత గోడని మోస్తదా?"

ఆయన పగులుకు అడ్డముగా రెండు చిన్న గాజుముక్కలను సిమెంటుతో అంటించి, ప్రక్కన పెన్సిలుతో తేదీ వ్రాసెను. గోడ నిలుకడగా నున్నయెడల గాజు నిలుచును. గోడ ఇంకను కదులుచున్నయెడల గాజు విరుగును. గాజు సాగదు, సర్దుకొనదు, ఉన్నమాట చెప్పును. ఆరు వారములు గడువకముందే రెండును విరిగెను.

అప్పుడు మూల దగ్గర త్రవ్వి చూచితిమి. పాత ఇంటి పునాది ఆరడుగులు దిగి గట్టినేలను పట్టుకొనియున్నది. వెనుక గది తరువాత తొందరగా చేర్చినది. దాని పునాది మోకాలి లోతుననే, నల్లమట్టిలోనే ఆగిపోయినది. అంతేకాదు. మా స్నానపు నీళ్లు పోవు తూము ఆ మూలనే విడువబడియుండెను. కాలువను పది అడుగులు పొడిగించుమని మొదటి యేడే ఒకరు చెప్పగా, ఖర్చెందుకని నేను మానితిని. మూడేండ్లపాటు నా యింటి పునాదిలో నేనే నీళ్లు పోసితిని!

నల్లరేగడి గుణము

ఈ నేల సంగతి మీకు నాకంటె బాగుగా తెలియును. ప్రత్తికిని మిరపకును శనగకును ఇది తల్లివంటిది. ఇంటికి మాత్రము నమ్మరానిది. దీనిలో నీటిని పీల్చుకొని ఉబ్బు ఒక విధమైన సన్నని బంకమన్ను ఎక్కువగా నున్నది. వానకు ఉబ్బి ఇంటిని పైకెత్తును. ఎండకు కుదించుకొని క్రిందికి వదలును. వేసవిలో చేలో కాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చుట చూచుచున్నాము గదా! తొలకరి నీరు ఆ నెఱ్ఱెలగుండ పునాది అడుగునకు చేరును. ఇట్లు ఏటేట లేచుచు దిగుచు నుండు నేలమీద గోడ ఎట్లు నిలుచును? కాలపు తడియు పొడియు ఈ నేలలో సుమారు మూడున్నర మీటర్ల లోతువరకు పనిచేయునని ఇంజనీర్లు లెక్కింతురు. అందుచేతనే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థవారు ఇట్టి నేలలకొరకు ఒక పద్ధతిని వృద్ధిచేసిరి. నేలలో సన్నని గుంత లోతుగా త్రవ్వి, అడుగున దానిని కుండవలె వెడల్పుచేసి కాంక్రీటు పోయుదురు. పైమట్టి ఉబ్బినను కుంగినను, ఆ కుండవంటి అడుగు లోపలి నేలను పట్టుకొని కదలక యుండును.

మేస్త్రిగారు చెప్పిన మరియొక మాట నేను మరువలేను. ఇల్లంతయు సమముగా అంగుళము దిగినను గోడకు పెద్ద హాని యుండదట. ఒక మూల దిగి తక్కిన మూలలు దిగక నిలిచినప్పుడే గోడ చీలునట. కుంగుటకంటె హెచ్చుతగ్గులుగా కుంగుటయే ప్రమాదకరము.

ప్రభువు చెప్పిన ఇల్లు

ఇప్పుడు వాక్యమునకు వత్తము. ఒకప్పుడు నేను మత్తయి సువార్త యేడవ అధ్యాయమునుండి ఇసుకమీద కట్టిన ఇంటిని గూర్చి ప్రసంగించితిని. ఆరాధన ముగిసిన తరువాత ఒక రైతు నాతో, "అయ్యగారూ, మేము పునాదిలో నల్లమట్టి తీసేసి ఇసుకే గదా పోస్తున్నాం? మరి మేము బుద్ధిహీనులమా?" అనెను. అందరు నవ్విరి. నేనును నవ్వితిని గాని, నాయొద్ద సరియైన జవాబు లేకపోయెను.

ఆ జవాబు లూకా సువార్తలో నున్నది. లూకా ఇసుక మాట ఎత్తలేదు. రెండవవాడు పునాది లేకయే నేలమీద ఇల్లు నిలిపెనని మాత్రమే చెప్పుచున్నాడు. మొదటివాని విషయములోనైతే మూల గ్రీకు భాషలో రెండు క్రియలు ప్రక్కప్రక్కన నున్నవి: "ఎస్కాప్సెన్", అనగా త్రవ్వెను, "ఎబాథూనెన్", అనగా లోతుచేసెను. దైవశాస్త్ర పాఠశాలలో ఈ మాటలను పరీక్షకొరకు కంఠతచేసితిని. వాటి అర్థము మాత్రము మా యింటి మూలన గుంతలో నిలుచున్న దినమున నాకు తెలిసెను. ఇద్దరి ఇండ్లును పైకి ఒక్కటే. ఇద్దరును ప్రభువు మాటలు విన్నవారే. వరదయు ఒక్కటే. భేదమంతయు ఎంత మట్టి త్రవ్వి తీసిరనుటలోనే యున్నది.

ప్రియులారా, మన పునాది యేసుక్రీస్తేయని పౌలు కొరింథీయులకు వ్రాసెను (1 కొరింథీ. 3:11). ఆ బండ ఎన్నడును కుంగలేదు, కుంగదు. అట్లయితే మన కుటుంబములలోను సంఘములలోను ఈ పగుళ్లు ఎక్కడివి? బండ కుంగదు, బండకును మన గోడకును మధ్య మనము తీయక విడిచిన మట్టి కుంగును. బాప్తిస్మము పొందితిమి, బల్లలో పాలుపొందితిమి, పాటలు నేర్చుకొంటిమి. గోడ లేచినది. కాని అడుగున పాత పగ, కులపు గర్వము, తీర్చని అప్పు, దాచిన త్రాగుడు అట్లే యున్నవి. "ప్రభువా, ప్రభువా" అని పిలుచుచు ఆయన మాట చొప్పున చేయని బ్రతుకును గూర్చియే ఆయన ఈ ఉపమానము చెప్పెను.

నేను పూసిన మరియొక పూత

యెహెజ్కేలు దినములలో ప్రవక్తలు కొందరు నిలువలేని గోడకు గచ్చుపూత పూయుచుండిరి. వాన వచ్చి ఆ గోడ పడును, పునాది బయలుపడునని యెహోవా వారితో చెప్పెను. నేను ఆ భాగమును అనేకసారులు చదివితిని. అది నన్ను గూర్చినదని తలంపలేదు.

మన సంఘములో ఒకే తాత సంతానమైన రెండు కుటుంబములు నాలుగేండ్లుగా ఎడముఖము పెడముఖముగా నుండిరి. (వారి సెలవుతోనే ఇది వ్రాయుచున్నాను.) ఒకరు ఈ తలుపున వచ్చినయెడల ఒకరు ఆ తలుపున వచ్చుచుండిరి. పశువుల కొట్టము హద్దు విషయమై తగవని ఊరంతయు చెప్పుకొనెను. ప్రతి ఈస్టరుకు నేను పెద్దలను కూర్చుండబెట్టి, ఇద్దరిచేత చేతులు కలిపించి, సమాధానమైనదని సంఘములో ప్రకటించుచుంటిని. కోతలనాటికి మరల మాటలు లేవు. సమాధానము లేని చోట సమాధానమని పలికిన కాపరులను యిర్మీయా గద్దించెను గదా (యిర్మీ. 6:14)! విరిగిన గాజుముక్కను చేతపట్టుకొని చూచినప్పుడు, ఆ ఈస్టరు పండుగలన్నియు నా కన్నులయెదుట నిలిచెను. నేను పూతపనివాడను. వారి మధ్య ఏమి కుంగినదో ఒక్కసారియైనను అడిగియుండలేదు.

కొంచెము కొంచెముగా త్రవ్వుట

కుంగిన మూలను బాగుచేయునప్పుడు మేస్త్రిగారు పునాదినంతయు ఒక్కసారిగా త్రవ్వనియ్యలేదు. మూడడుగుల మేర త్రవ్వి, క్రింద గట్టినేలవరకు రాతితోను కాంక్రీటుతోను నింపి, అది గట్టిపడిన తరువాత, కొంచెము ఎడము విడిచి మరియొక చోట త్రవ్వించెను. అంతయు ఒకేసారి త్రవ్వినయెడల బాగుచేయవలసిన గోడయే మనమీద పడునని చెప్పెను. ఆ చిన్న పనికి రెండు నెలలు పట్టెను.

ఇంగ్లండు దేశములో వించెస్టరు పట్టణమందు 1079వ సంవత్సరమున కట్టనారంభించిన పెద్ద దేవాలయమున్నది. తూర్పు భాగము అడుగున మెత్తని చిత్తడినేల యుండుటచేత, ఇరువదియవ శతాబ్దపు ఆరంభమునాటికి గోడలు చీలి అది కూలిపోవు స్థితికి వచ్చెను. గుంత త్రవ్విన వెంటనే నీరు ఊరుచుండెను. ఆ నీటిని తోడివేసినచో గోడలు మరింత కుంగునని భయము. అప్పుడు విలియం వాకర్ అను నీటమునుగు పనివాడు 1906నుండి 1911వరకు, సుమారు ఇరువది అడుగుల లోతు నీటిలో, చిమ్మచీకటిలో, చేతితో తడుముకొనుచు దినమునకు ఆరు గంటలు పనిచేసి ఆ గోడలక్రింద కాంక్రీటు సంచులు పేర్చెను. అవి ఇరువదియైదువేలకు పైబడిన సంచులట! పైన కూర్చుండి పాడువారికి ఆయన పని కనబడలేదు. 1918లో ఆయన మరణించెను. ఆ దేవాలయము నేటికిని నిలిచియున్నది. మన సంఘములలోను ఇట్టివారున్నారు. వారి పేరు ఏ పలకమీదను లేదు. రాత్రివేళ మోకరించి ఇతరుల ఇండ్లకొరకు కన్నీరు విడుచు తల్లులు, పగబట్టినవారి మధ్య మాట మోసి ముక్కలు చేయక, మాట మింగి ఎముక కలుపు పెద్దలు. ప్రభువు వారి పనిని ఎరుగును.

నేనును ఆ రెండు ఇండ్లకు వేరువేరుగా వెళ్లుచు వచ్చితిని. పెద్దలను తీసికొనిపోలేదు. తీర్పు చెప్పలేదు. వినుచు ఉంటిని. మూడవ నెలలో గాని అసలు సంగతి బయటపడలేదు. హద్దు తగవు పైపూత మాత్రమే. మిరప పంట పోయిన యేట పెద్దవాని ఇంటినుండి చిన్నవానికి వడ్లు బదులిచ్చిరి. చిన్నవాడు గింజ మిగులకుండ తీర్చెను. అయితే తరువాత ఒక పెండ్లి పందిటిలో పెద్దవాడు, "మా వడ్లు తిని బ్రతికినోళ్లు" అని నలుగురిలో అనెను. ఆ మాట మరల ఎవరును అనలేదు, మరువను లేదు. తూము నీటివలె అది నాలుగేండ్లు ఆ మూలలోనికి ఇంకుచునే యుండెను.

ఎత్తైన వైపు దిగవలెను

ఇటలీ దేశమందలి పీసా పట్టణపు వాలు గోపురమును గూర్చి మీరు వినియుందురు. 1173లో దానిని మొదలుపెట్టిరి. మూడవ అంతస్తునకు వచ్చునప్పటికే మెత్తనినేలలో ఒకప్రక్కకు ఒరిగెను. 1934లో అడుగున సిమెంటు ఎక్కించిరి గాని ఒరుగుట తగ్గక పెరిగెను. అపాయమని 1990లో మూసివేసిరి. చివరకు ఇంజనీర్లు ఏమి చేసిరి? కుంగిన ప్రక్కను ఎత్తలేదు. ఎత్తుగా నున్న ఉత్తరపు ప్రక్క అడుగునుండి కొంచెము కొంచెముగా మట్టి తీసివేసిరి. ఎత్తైన ప్రక్క మెల్లగా దిగగా గోపురము సుమారు మూరెడు వెనుకకు వచ్చి నిలుకడచెందెను. 2001లో మరల తెరచిరి.

దీనిని చదివి నేను ఆశ్చర్యపడితిని. మనమెప్పుడును కుంగినవానినే "నీవు లెమ్ము, నీవు మరచిపొమ్ము, నీవు సర్దుకొనుము" అందుము. సువార్త మార్గము అది కాదు. దేవునితో సమానుడైనవాడు తన్ను తాను రిక్తునిగా చేసికొని దిగి వచ్చెను (ఫిలిప్పీ. 2:5–8). ఎత్తుననున్నవాడు దిగుటచేతనే మనము నిలువబడితిమి.

హద్దు విషయములో న్యాయము పెద్దవానిదే. అది నాకును తెలియును, చిన్నవానికిని తెలియును. న్యాయము తనదైనవాడు దిగుట మిక్కిలి కష్టము. నేను ఆయనకు ఈ గోపురపు సంగతియు, బలిపీఠమునొద్ద అర్పణము విడిచి సహోదరునియొద్దకు వెళ్లుమని ప్రభువు చెప్పిన సంగతియు (మత్త. 5:23–24) చెప్పి, ప్రార్థించి వచ్చితిని. ఆయన ఏమియు పలుకలేదు. పది దినముల తరువాత చిన్నవాడే నాయొద్దకు వచ్చి జరిగినది చెప్పెను. ఒక సాయంకాలము అన్న ఒంటరిగా వారి యింటికి వచ్చి, మంచము వేయబోగా వద్దని చాపమీద కూర్చుండి, మరదలిని పిలిచి, "అమ్మా, నాకు కొంచెం అన్నం పెట్టు. ఈ ఇంటి అన్నం తిని నాలుగేళ్లయింది" అనెనట. ఇంకేమియు అనలేదట. అది చెప్పుచు చిన్నవాడు కండువాతో ముఖము కప్పుకొనెను.

ఈసారి నేను సంఘములో ఏ ప్రకటనయు చేయలేదు. మా యింటి గోడమీద మేస్త్రిగారు క్రొత్త గాజుముక్క అంటించియున్నారు. ఒక వానకాలము దాటినది, గాజు విరుగలేదు. "ఇంకొక ఎండాకాలం, ఇంకొక వానాకాలం చూద్దామండీ" అని ఆయన అనుచున్నారు. ఆ రెండు కుటుంబములను గూర్చియు నేను అట్లే ప్రార్థించుచు కనిపెట్టుచున్నాను. మీరును ప్రార్థించుడి.

వానలకు ముందు చేయవలసినవి

మిద్దెకు పిట్టగోడ కట్టుమని ధర్మశాస్త్రమే చెప్పుచున్నది (ద్వితీ. 22:8). బిడ్డల ప్రాణములను కాపాడుటయు భక్తిలో భాగమే. కావున ఈ కొన్ని మాటలు గైకొనుడి.

1. చూరునీరు, స్నానపునీరు, కుళాయినీరు పునాదియొద్ద నిలువనియ్యకుడి. గోడచుట్టు బయటికి వాలుగా గచ్చు చేయించి, నీటిని కాలువద్వారా దూరముగా పంపుడి.

2. పెద్దచెట్లను గోడదగ్గర నాటకుడి. వేసవిలో వేళ్లు నేల తడిని పీల్చగా ఆ ప్రక్క కుంగును.

3. పాత ఇంటికి క్రొత్త గది చేర్చునప్పుడు దాని పునాదిని తక్కువ లోతున ఆపకుడి. తెలిసినవారిని అడిగి కట్టుడి.

4. కిటికీ, తలుపు మూలలనుండి ఏటవాలుగా పగులు వచ్చినను, తలుపు ఊరక బిగిసినను, పూయకమునుపు గాజుముక్క అంటించి చూడుడి.

5. పగులులో వ్రేలు దూరినను, గోడ ఒరిగినను, ఆ గదిలో పిల్లలను పండుకొననియ్యకుడి. పునాదిని మీరే త్రవ్వక ఇంజనీరునైనను అనుభవముగల మేస్త్రినైనను పిలువుడి.

ఇంటిని చూచిన చూపుతోనే ఈ నెల కుటుంబ ప్రార్థనలో మన హృదయములను చూచుకొందము. నేను ఏ పగులును పూసి దాచుచున్నాను? ఏ మాటను ఇతరుల పునాదిలో నీళ్లవలె పోయుచున్నాను? ఎవరియెదుట నేను దిగవలసియున్నది?

ప్రార్థన: మా బండవైన ప్రభువా, నీవు కదలనివాడవు, మేము త్రవ్వక కట్టినవారము. మా పూతలను క్షమించుము. మా అడుగున నున్న చెడుమట్టిని మాకు చూపి, దానిని తీయుటకు ఓపిక యిమ్ము. కుంగినవారియొద్దకు దిగు మనస్సు మాలో పుట్టించుము. మా యిండ్లలో నిద్రించు చిన్నబిడ్డలను ఈ వానలలో కాపాడుము. మా సంఘము నీమీద నిలుచునట్లు చేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.